అద్దాలావిడ ఊఁ

పెద్దాయన పోయాడన్న కబురు విని, వీధి చివర కొత్తగా అద్దెకు దిగిన టైలరు అద్దాల కొట్టుకు పరామర్శకు వచ్చాడు. మొహం వేలాడేసుకుని గుమ్మంలో నిలబడి, "మీ నాన్నగారా అండీ, మామగారా?" అని మెల్లగా అడిగాడు. బల్ల మీద అద్దం కోస్తున్న అద్దాలాయన చెయ్యి ఆపి, "మోటారు సైకిలండీ" అన్నాడు. టైలరుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎదుటి మనిషి కళ్లు చూశాక నవ్వకపోవడమే మంచిదనిపించి, "అయ్యో, చాలా కాలంగా ఉందా అండీ మీ దగ్గర?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు విని బయటపడేసరికి, ఆ రోజు కుట్టి ఇవ్వాల్సిన బట్టలన్నీ మర్నాటికి వాయిదా పడ్డాయి.

అద్దాలాయనను కదిలిస్తే అంతే. నోరు తెరిస్తే ఆదీ అంతూ ఉండదు. సంతోషం వచ్చినా మాట్లాడతాడు, కోపం వచ్చినా మాట్లాడతాడు, భయం వేస్తే మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. చేసే పని చూస్తే అందులో సగం భయమే. కొట్టంటే ఒక సన్నటి గది. రెండు గోడల వెంబడీ గోనె సంచుల మీద అద్దాలు నిలువుగా ఆనించి ఉంటాయి. మధ్యలో దుప్పటి పరిచిన బల్ల. దాని మీద అద్దం పడుకోబెట్టి, కిరసనాయిలులో ముంచిన వజ్రపు మొనతో ఒకే ఒక్క గీత గీసి, కిందనుంచి వేలితో తట్టి, రెండు చేతులతో కాస్త వంచితే అద్దం ఆ గీత వెంట రెండుగా విడిపోతుంది. గీసిన గీత మీద మళ్లీ గీశామా, అద్దం పాడైనట్టే. ఆ పనిలో ఆయన చెయ్యి తప్పడం ఎవరూ చూడలేదు. అయితే అద్దం కొయ్యడం ఒక ఎత్తు, దాన్ని కొన్నవాళ్ల గుమ్మం దాకా చేర్చడం ఒక ఎత్తు.

అక్కడి సందుల్లో వ్యాను దూరదు. తోపుడు బండి మీద పెడితే రాళ్ల మీద గంతులేసి అద్దం సందు మొగలోనే పగులుతుంది. అందుకని పెళ్లయిన కొత్తనుంచీ వాళ్ల అద్దాలు మోటారు సైకిలు మీదే వెళ్లాయి. ఆయన నడుపుతాడు. వెనక సీటు మీద అటో కాలూ ఇటో కాలూ వేసుకుని ఆయన భార్య కూర్చుంటుంది. మడత పెట్టిన గోనె తొడ మీద వేసుకుని, దాని మీద అద్దం నిలబెట్టి, ఒక చెయ్యి చుట్టూ వేసి, ఇంకో చెయ్యి ముందు అంచు మీద ఉంచి, చెంప అద్దానికి ఆనిస్తుంది. మొదటిసారి అలా కూర్చున్నప్పుడు వీధి వీధంతా గుడ్లప్పగించి చూసింది. ఆ రోజు రావలసిన కూలీ రాలేదు, షోకేసు అద్దం అడిగిన కొట్టువాడు వచ్చి మీద కూర్చున్నాడు. కొత్త పెళ్లికూతురు కొంగు నడుముకు చుట్టి, "నేను పట్టుకుంటాలే, పద" అంది. దారి పొడుగునా భయంతో అద్దాలాయన నోటికొచ్చిందల్లా మాట్లాడాడు. వెనకనుంచి ఆవిడ ఊఁ కొట్టింది. అద్దం చెక్కు చెదరకుండా చేరింది. ఆ తర్వాత కూలీ ఎందుకన్న ఆలోచనే ఇద్దరికీ రాలేదు.

ఆ మోటారు సైకిలే పెద్దాయన. నల్లరంగు, ఇనప వొళ్లు, పొడుగాటి చదును సీటు, గొంతు సవరించుకుంటున్నట్టు తాపీగా నడిచే ఇంజను. దాని మీద అద్దం పగిలిందన్న మాట ఇన్నేళ్లలో ఎవరూ వినలేదు. కాకి పిల్ల కాకికి ముద్దు అని ఊరుకోవడానికి లేదు, అది నిజమే. "సీటు మీద నిండు గ్లాసు నీళ్లు పెట్టి ఊరంతా తిప్పండి, చుక్క తొణికితే నన్నడగండి. అది బండి కాదు, మహానుభావుడు" అని అద్దాలాయన కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆవిడ ఆ పక్కనే పాత పేపరుతో అద్దాలు తుడుస్తూ, "ఊఁ" అనేది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడి ఎరగదు.

అలాంటి పెద్దాయన ఒక ఎత్తు మీద, క్షౌరశాలకు నిలువుటద్దం తీసుకెళ్తుండగా, సీటు కిందనుంచి పుటుక్కున విరిగాడు. లోపల ఎప్పటినుంచో తుప్పు తింటోందట. అద్దాలాయన ఒక పక్కకు దొర్లాడు. లేచి చూస్తే భార్య రోడ్డు మీద రెండు కాళ్ల మీదా నిలబడి ఉంది. చేతుల్లో అద్దం అలాగే ఉంది, అందులో ఆకాశం కూడా అలాగే ఉంది. ఆయన పరుగున వచ్చి అద్దమంతా తడిమి చూసి, "చూశావా, చచ్చిపోతూ కూడా అద్దాన్ని కాపాడి పోయాడే మహానుభావుడు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆవిడ అద్దాన్ని గోడకు ఆనించి, వీధి కుళాయి దగ్గర కూర్చుని మణికట్టు మీదికి నీళ్లు వదులుకుంటోంది. అది అప్పటికే పొంగి ఉంది.

మెకానిక్కు పెద్దాయనను ముందూ వెనకా చూసి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "అతుకు పెట్టగలను గానీ పెట్టను అన్నా. నీ వెనక మనిషి కూర్చుంటుంది" అన్నాడు. ఆ మాట అద్దాలాయన గుండెలో దిగబడింది. ఇంటికొచ్చి, కట్టు కట్టిన చేత్తో గిన్నెలు సర్దుతున్న భార్యను కాసేపు చూశాడు. వెనక కూర్చున్న మనిషిని తనెప్పుడూ చూడలేదన్న సంగతి అప్పుడే తట్టింది. నడిపేవాడికి వెనక కళ్లుండవు కదా.

"ఇదిగో, ఇంక నువ్వు బండెక్కొద్దు" అన్నాడు. "ఇన్నేళ్లు పట్టుకున్నది చాలు. కొత్త బండి కొన్నాక మీ తమ్ముణ్ణి వెనక కూర్చోబెడతాను. వానల్లో వాడికెలాగూ గోడలకు రంగులేసే పని ఉండదు. వాడికి పనీ దొరుకుతుంది, నీకు విశ్రాంతీ ఉంటుంది. ఏమంటావు?"

ఆవిడ చేతిలో గిన్నె ఆగింది. "ఊఁ..." అంది, కొంచెం సాగదీసి.

సరేనంది కదా అని అద్దాలాయన హాయిగా నిద్రపోయాడు. నిజానికి ఆ వెనక సీటు ఆవిడకు ఏమిటో ఆయన ఒక్క క్షణమూ ఆలోచించలేదు. ఆవిడ ఊరు చూసింది ఆ సీటు మీదనుంచే. ఎవరి మేడకు ఏ రంగు వేశారో, ఎవరింట్లో పసిపిల్ల నడక నేర్చిందో అన్నీ అక్కడినుంచి తెలిసినవే. అద్దాలావిడ అని జనం పిలిచేది అద్దాలాయన భార్య అయినందుకు కాదు, అద్దం పట్టుకుని వెళ్తుంది గనక. ఆ సీటు పోతే ఇంట్లో మిగిలేది గిన్నెలు సర్దే మనిషి. అందులోనూ సీటు ఇస్తున్నది పరాయివాడికి కాదు, పనిలేక తిరుగుతున్న సొంత తమ్ముడికి. కాదని ఏ నోటితో అంటుంది? తొడ మీద వేసుకునే గోనెను దులిపి, నాలుగు మడతలు పెట్టి, తమ్ముడి చేతికిచ్చి, "చెంప ఆనించుకోరా" అని మాత్రం చెప్పింది.

"మీసం గుచ్చుకుంటుందేమో అక్కా, అద్దానికి" అన్నాడు తమ్ముడు. ఆవిడ నవ్వలేదు.

ఇక బండి వేట మొదలైంది. మెకానిక్కు తన షెడ్డు వెనక పాత బళ్లు కూడా అమ్ముతాడు. అద్దాలాయనంటే గౌరవం కనక, ఏది కావాలన్నా తిప్పి చూసుకోమన్నాడు. బావా బావమరిదీ ఇద్దరూ ఒక పనికిరాని అద్దం పట్టుకుని ఒక్కొక్క బండే ఎక్కారు. మొదటిది పాలిపోయిన ఆకుపచ్చ బండి, సీటు చదునే గానీ చూడ్డానికి కప్పలా ఉంది. దాని మీద సందు మలుపు తిరక్కముందే అద్దం గడగడలాడింది. రెండోది కొత్త రకం. దాని వెనక సీటు ఎంత ఎత్తంటే, బావమరిది బావ నెత్తి మీదనుంచి ఊరు చూశాడు, అద్దానికి గాలి తగిలి ఇద్దరూ తూలారు. మూడోది ఉరిమినట్టు అరుస్తుంది. నాలుగోది తుమ్మినట్టు కదులుతుంది. అన్నింటి మీదా అద్దం వణికింది. దిగిన ప్రతిసారీ అద్దాలాయన, "పెద్దాయన కాలిగోటికి చాలదు" అని తీర్పు చెప్పేవాడు.

"అన్నా, నువ్వు బండి కొంటున్నావా, సంబంధాలకు వంకలు పెడుతున్నావా?" అన్నాడు మెకానిక్కు.

"బండికి నిలకడ ఉండాలి తమ్ముడూ. మనిషికెలా ఉంటుందో అలా. పెద్దాయనకు ఉండేది."

చివరికి ఒక ఎర్ర బండి మిగిలింది. నున్నగా, కొత్తగా, ఇంజను ఉందో లేదో అన్నంత మెత్తగా ఉంది. ఇది కాకపోతే ఇంకేదీ కాదు అనుకుని, ఇద్దరూ దాని మీద ఊరి బయటి రోడ్డెక్కారు. రోడ్డు చదును, ఎదురుగా పురుగు లేదు. అద్దం పెద్దగా వణకలేదు. అద్దాలాయనకు ప్రాణం లేచొచ్చి కథ ఎత్తుకున్నాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి గోడ దూకిన కథ అది. దూకేవాడు అవతల ఏముందో చూసుకోవాలి కదా. గోడ అవతల పంతులుగారు కిందికి వంగి చెప్పు సరిచేసుకుంటున్నారు.

బావమరిదికి ఆ కథ కొత్త. ఏం జరగబోతోందో తెలిసిపోయి, ఆనందంగా "ఊఁ..." అన్నాడు.

అంతే, అద్దాలాయన కాలు బ్రేకు తొక్కింది. బండి ఉన్నపాటున ఆగింది. అద్దం ముందుకొచ్చి ఆయన భుజానికి కొట్టుకుని ముక్కలు ముక్కలై రోడ్డంతా పరుచుకుంది. ఇద్దరికీ దెబ్బలేవీ తగల్లేదు.

"ఏంటి బావా, ఎందుకాపావు?"

"నువ్వే కదరా ఆపమన్నావు."

"నేనా? నేనెప్పుడన్నాను?"

"అన్నావు. ఈ చెవులతో విన్నాను."

"నేను ఊఁ అన్నాను బావా. కథ బాగుందని ఊఁ కొట్టాను. దానికి బ్రేకు తొక్కుతారా ఎవరైనా?"

అద్దాలాయన ఏదో అనబోయి ఆగాడు. నిజమే, ఎవరూ తొక్కరు. మరి తన కాలెందుకు తొక్కింది? బండి దిగి, గాజు ముక్కల మధ్య నిలబడి, "ఇంకోసారి అను" అన్నాడు. బావమరిది బిత్తరపోయి, "ఊఁ" అన్నాడు. "అలా కాదు, ఇందాకటిలా." "ఊఁ..." అన్నాడు వాడు, సాగదీసి. అద్దాలాయన కుడి పాదం నేల మీద ఉన్నది ఉన్నట్టే కిందికి నొక్కుకుంది. ఆయన ఆ పాదాన్ని ఎవరిదో అన్నట్టు చూశాడు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. మార్కెట్టు మలుపు దగ్గర కబుర్లు చెబుతూ చెబుతూ, వెనకనుంచి సాగదీసిన ఊఁ ఒకటి వినపడగానే, కారణం లేకుండా తను వేగం తగ్గించడం. తగ్గించిన మరుక్షణం సందులోంచి గాలి విసురుగా కొట్టడం. ఎత్తు దిగేటప్పుడు వెనకనుంచి పొట్టిగా "ఊఁ, ఊఁ" అని రెండు వినపడటం, తన చెయ్యి ధీమాగా వేగం అందుకోవడం. ఒకసారి మంచి రసపట్టులో ఉండగా ఆవిడ "ఊహూఁ" అంది. కథ నచ్చలేదేమోనని అలిగి బండి పక్కన ఆపితే, అద్దం అడుగున గోనె జారిపోయి ఉంది. సర్దుకుని మళ్లీ బయల్దేరారు. ఆ రోజు కూడా, ఆపినందుకు తనను తానే మెచ్చుకున్నాడు. ఇన్నేళ్లూ తన కబుర్లకు ఊఁ కొడుతోందనుకున్నాడు. ఆవిడ బండి నడుపుతోంది. హ్యాండిలు తన చేతిలో పెట్టి, వెనకనుంచి ఒక్క అక్షరంతో నడుపుతోంది.

పక్కవాళ్ల ఇల్లనుకుని రోజూ దాటిపోతున్న గుమ్మం లోపల, ఎవరో గొప్ప విద్వాంసులు ఉన్నారని తెలిసినట్టయింది.

ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. ఇంక నువ్వు బండెక్కొద్దు అన్న రోజున ఆవిడ అన్న ఊఁ పొట్టిది కాదు. సాగదీసిన ఊఁ. ఆపమన్న ఊఁ. బండి మీద అయితే పాదం ఠక్కున పట్టుకునేది. ఇంట్లో నిలబడి తలతో విన్నాడు గనక సరేనంది అనుకున్నాడు.

"ఒరేయ్, ఆ ముక్కలన్నీ ఏరి సంచిలో వెయ్యి" అని బావమరిదికి చెప్పి, ఎర్ర బండి వేసుకుని కొట్టుకు వచ్చాడు. వస్తూ వస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడటానికి వెనక ఎవరూ లేరు.

ఆవిడ గుమ్మంలోనే ఉంది. ఉత్త చేతులతో ఒక్కడే వచ్చిన మొగుణ్ణి చూసి, "వాడికేం కాలేదు కదా?" అంది.

"వాడు బాగానే ఉన్నాడు. అద్దమే పోయింది." ఊపిరి తీసుకుని అడిగాడు. "నువ్వు వెనకనుంచి ఊఁ అంటావే, అది నా కథలకు కాదా?"

ఆవిడ ఆయన్ని వింతగా చూసింది. "కథలకైతే అన్నిసార్లు ఎందుకంటానయ్యా? గోడ దూకిన కథ ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పావు?"

"మరి దేనికి?"

"అద్దానికి. నీకు తెలీదా?"

"తెలీదు."

ఇప్పుడు ఆశ్చర్యపోవడం ఆవిడ వంతు అయింది. "మరి నేను ఆగమన్నప్పుడల్లా ఆగేవాడివి కదా. తెలిసే ఆగుతున్నావనుకున్నాను. ఇన్నేళ్లూ తెలీకుండానే విన్నావా?" అని కొట్టు అరుగు మీద కూర్చుండిపోయింది. ఆ తర్వాత ఆవిడకు నవ్వొచ్చింది. తెరలు తెరలుగా నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని, "రా, నీకో సంగతి చూపిస్తాను" అంది.

చూపించింది ఏమిటంటే, తన సీటు. బావమరిది సంచి మోసుకుంటూ నడిచొచ్చాక, వాణ్ణి ఎర్ర బండి నడపమని, మొగుణ్ణి వెనక కూర్చోబెట్టింది. తొడ మీద గోనె వేసింది. ఒక మాదిరి అద్దం చేతికిచ్చి, చెయ్యి ఇక్కడ, వేళ్లు అలా, చెంప ఇలా అని సర్ది, "కదలండి. వీధి చివరిదాకా వెళ్లి రండి" అంది.

బండి కదిలింది. అద్దాలాయనకు ముందు కనపడింది బావమరిది వీపు. ఆ వీపు తప్ప ఇంకేమీ లేదు. గుంత ఎక్కడుందో, మనిషి ఎక్కడ అడ్డొస్తాడో తెలియదు. పక్కనుంచి ఒక గాలి తెమ్మెర వచ్చేసరికి అద్దం తెరచాపలా ఆయన్ని పట్టి లాగింది. గట్టిగా పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకుంటే అద్దం ఇంకా వణికింది. చెంప ఆనించమన్న మాట గుర్తొచ్చి ఆనించాడు. అప్పుడు వినపడింది. అద్దం లోపల్నుంచి సన్నటి మూలుగు. చెవికి వినపడేదో, దవడ ఎముకకు తెలిసేదో చెప్పలేనంత సన్నగా ఉంది. బండి వేగం పెరుగుతుంటే ఆ మూలుగు సన్నబడుతూ, పదునెక్కుతూ, ఒక చోట తెగిపోతుందేమోనన్నట్టు అయింది. "ఆపరా, ఆపు, ఆపు" అని అరిచాడు ఆయన. ఊఁ అనడానికి నోరు రాలేదు.

దిగేసరికి చొక్కా తడిసి ముద్దయింది. పుట్టి బుద్ధెరిగాక అద్దాలే కోశాడు. అద్దాన్ని గీశాడు, విరిచాడు, అమ్మాడు. అది మాట్లాడుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన మనిషి వెనకే కూర్చుంది.

"పగిలే ముందు చెప్తుందే అది" అన్నాడు.

"చెప్తుంది. సన్నద్దం తొందరగా చెప్తుంది. మందంది మొండిది, చివరిదాకా చెప్పదు. నిలువుటద్దం అయితే గొణుగుతుంది." ఇంట్లో పిల్లల గుణాలు చెప్పినట్టు చెప్పింది. "నీకు చెప్తే నవ్వుతావనుకున్నాను."

అద్దాలాయన నవ్వలేదు. గుడి మెట్ల దగ్గర చెప్పులు విప్పినవాడిలా నిలబడి, "చెయ్యి నొప్పి ఉందా ఇంకా?" అని అడిగాడు.

"ఉంది. నొప్పి నాది, నేను చూసుకుంటాను. పట్టుకోలేని రోజు వస్తే ఊహూఁ అని నేనే అంటాను. నువ్వు ముందే దించెయ్యకు నన్ను."

ఆయన తల ఊపాడు. ఆ పక్కన బావమరిది గోనె మడతపెట్టి అక్క చేతికిచ్చేసి, "నాకు గోడలే మేలు తల్లీ. అవి మూలగవు" అన్నాడు.

మర్నాడు బండి ఎంచడానికి ఆవిడే వెళ్లింది. చేతిలో చిన్న అద్దం ముక్క, అంచులు అరగదీసింది. మెకానిక్కు ఒక్కొక్క బండీ ఉన్నచోటే స్టార్టు చేస్తుంటే, వెనక సీటెక్కి, ముక్కను చెంపకు ఆనించి, కళ్లు మూసుకుంది. రంగు చూడలేదు, చక్రాలు చూడలేదు, ఎంత దూరం తిరిగిందని అడగలేదు. ఎర్ర బండి దగ్గర ఎక్కువసేపు కూర్చుంది. అద్దాలాయన ఆశగా చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇది మెత్తగానే ఉంది. కానీ దీని వణుకూ అద్దం వణుకూ ఒక్కటే. రెండూ కలిశాయంటే ఆపలేం."

మెకానిక్కు చేతిలో పానా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అతను ఎన్నడూ ఆ మాట వినలేదు, కానీ వినగానే నిజమని తెలిసింది. షెడ్డులో మిగిలిన ఇంజన్లన్నీ ఆపించాడు, ఆవిడకు అడ్డం రాకుండా. ఆవిడ మళ్లీ ఒక్కొక్కటే ఎక్కి దిగింది. ఆఖరున మూలనున్న ఆకుపచ్చ కప్ప దగ్గర ఆగింది. అది గడగడలాడుతూనే ఉంది. ఎక్కి కూర్చుని, అద్దం ఆనించి, చాలాసేపు కదల్లేదు.

"ఇది" అంది.

"దీని మీదే కదే అద్దం అన్నింటికంటే ఎక్కువ ఊగింది" అన్నాడు అద్దాలాయన.

"అద్దాన్ని ఊపింది తమ్ముడు, బండి కాదు. దీని వణుకు లావుది, అద్దానిది సన్నం. ఒకదాని జోలికి ఒకటి పోదు. పెద్దాయన కూడా ఇంతే ఊగేవాడు."

నిండు గ్లాసు నీళ్ల మాట మెకానిక్కు ఎత్తబోయి, అద్దాలాయన మొహం చూసి మానేశాడు.

కొత్త బండి మీద మొదటి అద్దం టైలరు కొట్టుకే. పరామర్శకు వచ్చినవాడు షోకేసు పెట్టించుకుంటున్నాడు. ఊరి అవతల అద్దాలు నిల్వ చేసే రాతి గోడల గిడ్డంగినుంచి తేవలసిన పెద్ద పలక అది. గిడ్డంగి గుమ్మంలో ఆవిడ ఎక్కింది, గోనె సర్దుకుంది, చెంప ఆనించింది. అద్దాలాయన బండి కదిపాడు. ఇక ఒక్క ఊఁ కూడా పోగొట్టుకోకూడదని నోరు గట్టిగా మూసుకుని, వొళ్లంతా చెవులు చేసుకుని నడిపాడు. వెనక కూర్చున్న మనిషి మీద అంత గౌరవం ముంచుకొచ్చింది, వీపు కూడా నిటారుగా పెట్టాడు. బండి మలుపు తిరిగింది, ఒక గుంతలో దిగి లేచింది. అద్దం ఊగింది. ఇంకో గుంత వచ్చింది. అద్దం మరీ ఊగింది. వెనకనుంచి ఊఁ లేదు, ఏమీ లేదు.

ఆవిడ తలతో ఆయన వీపును ఠప్పున పొడిచింది. "ఏమయ్యా, నోరు పడిపోయిందా?"

"నీ ఊఁ వినపడదేమోనని."

"నువ్వు మాట్లాడితేనే కదా నేను ఊఁ అనేది. ముందేముందో నాకు కనపడుతుందా? గుంత వస్తుందంటే నీ మాట తెగుతుంది. మలుపొస్తే సాగుతుంది. మనిషి అడ్డొస్తే గొంతు పైకి లేస్తుంది. నేను నీ గొంతు పట్టుకుని కూర్చుంటానయ్యా ఇక్కడ. ఏదో ఒకటి చెప్పు."

ఇన్నేళ్ల అద్దాలాయన వాగుడు, ఊరంతా నవ్వుకున్న వాగుడు, ఆవిడకు దారి చూపిందట. ఆయన మాట ఆవిడకు కళ్లు, ఆవిడ ఊఁ ఆయనకు చెవులు. ఇద్దరికీ తెలియకుండా ఇద్దరూ ఒకరినొకరు మోసుకుంటూ ఊరంతా తిరిగారు. ఒక్క అద్దం పగల్లేదు.

"చెప్పు" అంది ఆవిడ.

కథ ఏదీ గుర్తు రాలేదు. గుర్తొచ్చిందే చెప్పాడు. "నాకు భయమేసింది. ఆ రోజు బండి విరిగినప్పుడు. నేను ముందు అద్దం దగ్గరికి పరిగెత్తాను. నీ దగ్గరికి రావాలని నాకు తట్టలేదు."

"ఊఁ" అంది ఆవిడ, పొట్టిగా. పోనిమ్మన్న ఊఁ. ఆయన చెయ్యి దానంతటదే కొంచెం వేగం అందుకుంది.

"ఇంటికొచ్చాక నీ చెయ్యి చూశాను. ఇంక నిన్ను ఎక్కించుకుంటే ఏమవుతుందోనని భయం. నువ్వు లేకుండా ఒంటరిగా బండి మీద పోవాలన్నా భయమే. మొన్న ఎర్ర బండి మీద ఒక్కణ్ణే వస్తుంటే, మాట్లాడటానికి ఎవరూ లేక, ఎటు పోతున్నానో కూడా తెలీలేదు."

బండి మార్కెట్టు దాటింది. టైలరు కొట్టు ఇంక ఎంతో దూరం లేదు. రోడ్డు నున్నగా ఉంది, గాలి లేదు, ఎదురుగా ఎవరూ రావడం లేదు.

"ఊఁ..." అంది ఆవిడ, సాగదీసి.

ఆయన పాదం బ్రేకు మీద పడింది. బండి నడక స్థాయికి వచ్చింది. రోడ్డు ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశాడు. ఏమీ కనపడలేదు. "ఏమైందే? అద్దం మూలిగిందా?"

"అద్దం బాగానే ఉంది" అంది ఆవిడ. "మెల్లగా పోనీ. చెప్పు."